పండులో కూరే పని పిల్లలకే ఇవ్వండి

బడి వదిలాక ఇంటికొచ్చే పిల్లల ఆకలి మామూలు ఆకలి కాదు. సంచీ ఒక మూల, బూట్లు ఒక మూల పడేసి నేరుగా వంటింట్లోకే వస్తారు. అప్పుడు బొప్పాయి ముక్కల గిన్నె ముందు పెడితే మూతి ముడుస్తారు. చిప్స్ పొట్లం కనిపిస్తే మాత్రం మొహం విప్పారుతుంది. ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఉప్పు, పులుపు, కారం, కరకర అన్నీ ఒక్కచోట దొరికితే ఏ నాలుకైనా అటే మొగ్గుతుంది. జామకాయను నాలుగు చీలికలుగా కోసి, మధ్యలో ఉప్పూకారం దట్టించి బస్టాండులో అమ్మే మనిషికి ఈ సంగతి బాగా తెలుసు. అదే జామకాయను ఇంట్లో ఉత్తగా కోసి పెడితే ముట్టని పిల్లలు, అక్కడ మాత్రం కొనిపెట్టమని కొంగు పట్టుకు లాగుతారు.

కూరడం మనకు కొత్త విద్య కాదు. గుత్తి వంకాయలో, కాకరకాయలో, దొండకాయలో కారం కూరి వండుకునే ఇళ్ళు మనవి. ఆ చేతివాటాన్నే కాస్త పండ్ల వైపు తిప్పితే, సాయంత్రం చిరుతిండికి, ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు భోజనానికి ముందు పెట్టడానికి, పుట్టినరోజు పళ్ళేనికి కావలసినన్ని రకాలు తయారవుతాయి. కొన్ని తియ్యగా, కొన్ని కారంగా, కొన్ని రెండూ కలిసి. వీటిలో కొన్నిటికి పొయ్యి వెలిగించే పని కూడా ఉండదు.

అవెలా చేసుకోవాలో చెప్పేముందు అమ్మానాన్నలిద్దరికీ ఒక మనవి. ఇవన్నీ మీరే చేసి, అందంగా సర్ది, పిల్లల ముందు పెట్టకండి. పండు కొయ్యడం, కారం కలపడం మీరు చూసుకోండి. కూరే పని మాత్రం వాళ్ళకే వదిలేయండి. వంకరగా కూరుతారు, సగం కింద పోస్తారు, ఒక ఖర్జూరంలో మూడు ఖర్జూరాలకు సరిపడా కుక్కుతారు. పోనివ్వండి. తన చేత్తో చేసినదాన్ని రుచి చూడకుండా ఉండగలిగే పిల్లలు అరుదు. పండు తినిపించడానికి మనం చెప్పే నూరు మాటలు చెయ్యలేని పనిని ఆ పది నిమిషాలు చేస్తాయి.

లీయన్ బర్చ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లల తిండి అలవాట్ల మీద దశాబ్దాల పాటు పరిశోధన చేశారు. బతిమాలో బెదిరించో తినిపించినా, ఇది తింటే అదిస్తానని ఆశపెట్టినా ఆ పదార్థం మీద పిల్లలకు ఇష్టం పెరగకపోగా తగ్గుతుందని ఆమె పరిశోధనల్లో తేలింది. కొత్త రుచి ఏదైనా ఒత్తిడి లేకుండా మళ్ళీ మళ్ళీ ఎదురుపడుతుంటే మెల్లగా అలవాటవుతుందని కూడా తేలింది. ఎల్లిన్ శాటర్ అనే మరో అమెరికన్ పోషకాహార నిపుణురాలు ఈ బాధ్యతను రెండుగా పంచారు. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టి పెట్టాలి అన్నవి పెద్దల వంతు. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నవి పిల్లల వంతు. మన ఇళ్ళలో ఈ రెండో సగమే కష్టం. ఇంకొక్కటి, ఈ ఒక్కటీ అంటూ నోటిదాకా తీసుకెళ్ళడం మన ప్రేమ. ఆ ప్రేమను కొంచెం వెనక్కి పట్టి ఉంచండి. పళ్ళెంలో ఆరు పెట్టి మీరు రెండు తీసుకుని కబుర్లు చెబుతూ తినండి. పిల్లలు ఒకటి తిని లేచిపోతే ఏమీ అనకండి. చూడాల్సింది తిన్న ఆ ఒక్కటే, వదిలేసిన మూడు కాదు. మిగిలినవి ఇంట్లో ఎవరో ఒకరు తింటారు.

రాశి గురించి కూడా కంగారు వద్దు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో పెద్దవాళ్ళకే రోజుకు సుమారు 100 గ్రాముల పండ్లు చెప్పింది. ఒక మాదిరి జామకాయ తింటే అంత అవుతుంది. కాబట్టి పళ్ళేలు నింపనక్కర్లేదు.

మొదట ఖర్జూరంతో మొదలుపెట్టండి. కోసేది తక్కువ, కారేది లేదు, ఏడాది పొడుగునా దొరుకుతుంది. రంజాన్ నెలలో హైదరాబాద్ పాతబస్తీలోనైతే ఎన్ని రకాలో చూడటానికే పిల్లలను తీసుకెళ్ళవచ్చు. మెత్తగా, కండగా ఉన్నవి ఒక డజను తీసుకోండి. నిలువుగా ఒకవైపు మాత్రమే చీల్చి గింజ తీసెయ్యండి. రెండోవైపు తెగకూడదు, పుస్తకంలా తెరుచుకోవాలి. గింజ తీసేటప్పుడు లోపల నల్లని పొడి గానీ, పురుగు గానీ ఉందేమో తప్పకుండా చూడండి. పైకి నిగనిగలాడే ఖర్జూరం లోపల పాడై ఉండటం కద్దు. పిల్లలకు కూడా ఇది చూపించి నేర్పండి. ఏది తిన్నా తెరిచి చూసే అలవాటు మంచిదే.

తీపి కూర్పుకు రెండు చెంచాల నువ్వులు దోరగా వేయించి కచ్చాపచ్చాగా నలిపి, మూడు చెంచాల పచ్చికొబ్బరి తురుము, రెండు ఏలకుల పొడి కలపండి. బెల్లం, పంచదార ఏవీ వెయ్యకండి. ఎండిన ఖర్జూరం బరువులో దాదాపు మూడింట రెండు వంతులు చక్కెరే. దానిమీద ఇంకా తీపి పోస్తే అది పండు కాదు, మిఠాయి. కారపు కూర్పుకు నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పుట్నాల పొడి. పావు కప్పు పుట్నాలు, నాలుగు వెల్లుల్లి రేకలు, అర చెంచా జీలకర్ర, తగినంత ఉప్పు, చిటికెడు కారం వేసి పొడి కొట్టి, ఒక చెంచా నెయ్యితో తడిపితే ఉండ కట్టేలా అవుతుంది. దాన్ని ఖర్జూరంలో నొక్కి పెట్టి తింటే ముందు వెల్లుల్లి కారం, ఆ వెనకే తీపి వస్తుంది. మొదటిసారి తిన్నవాళ్ళు ఒక్క క్షణం ఆగి, ఇంకొకటి తీసుకుంటారు. ఇడ్లీలోకి కారప్పొడి లేనిదే ముద్ద దిగని ఇంట్లో ఈ రుచి పరాయిది కాదు. పనీర్ చిదిమి, మిరియాల పొడి, ఉప్పు, రెండు చుక్కల నిమ్మరసం కలిపి కూరితే కారం తినలేని చిన్నవాళ్ళకు బాగుంటుంది. ఖర్జూరం పళ్ళకు అంటుకుపోతుంది కాబట్టి తిన్నాక నోరు పుక్కిలించడం మరిచిపోనివ్వకండి.

రెండోది జామ. ఇది మన పండు. పెరట్లో చెట్టున్న ఇంటి పిల్లలు అదృష్టవంతులు. 100 గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది, అంటే నారింజలో ఉండేదానికి సుమారు నాలుగు రెట్లు. కూరడానికి మరీ పండినది పనికిరాదు, చేతిలో జారిపోతుంది. పూర్తి పచ్చిది వగరు. వేలితో నొక్కితే కొంచెం లొంగి, మళ్ళీ బిగువుగా ఉండేది ఎంచుకోండి. అడ్డంగా రెండు చిప్పలుగా కోసి, మధ్యలో గింజలున్న గుజ్జును చెంచాతో తీసెయ్యండి. చుట్టూ వేలి మందం కండ మిగలాలి. ఈ గుజ్జు తీసే పని ఆరేడేళ్ళ పిల్లలు హాయిగా చేస్తారు. గుజ్జు పారెయ్యవద్దు. జల్లెడలో రుద్ది గింజలు వేరుచేసి, రెండు పచ్చిమిర్చి, ఉప్పు, కొత్తిమీర కలిపి నూరి పోపు పెడితే మంచి పచ్చడి. గింజలే జామ మీద పిల్లల పెద్ద ఫిర్యాదు. అవి లేని జామ వాళ్ళకు కొత్త పండులా అనిపిస్తుంది.

ఆ చిప్పలోకి వేయించి పొట్టు తీసిన పల్లీలు కచ్చాపచ్చాగా దంచినవి, సన్నగా తరిగిన ఉల్లిపాయ కొంచెం, కొత్తిమీర, వేయించిన జీలకర్ర పొడి, ఉప్పు, నిమ్మరసం. పెద్దవాళ్ళ చిప్పలకు పచ్చిమిర్చి. సాయంత్రం బండి దగ్గర మరమరాల్లో కలిపి పొట్లం కట్టే మసాలాకు ఇది దగ్గరి చుట్టం. రుచి దాదాపు అలాగే ఉంటుంది, నూనె ఉండదు. ఇంకో రకం కావాలంటే, పలుచని బట్టలో పెరుగు మూటగట్టి రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో ఒక గిన్నె మీద వేలాడదీయండి. నీరంతా దిగిపోయి గట్టి మీగడలా మిగులుతుంది. అందులో క్యారెట్ తురుము, మిరియాల పొడి, ఉప్పు కలిపి కూరండి. జామ వగరూ పెరుగు పులుపూ ఒకదానికొకటి బాగా అమరుతాయి.

అరటిపండును కూరడంలో మనకంటే ముందున్నవాళ్ళు ఇద్దరున్నారు. కేరళలో మలబార్ తీరపు మాప్పిళ ముస్లింల ఇళ్ళలో పళం నిరచ్చదు అని ఒక వంటకం ఉంది. పండిన నేంద్రం అరటిని తొక్క తీసి, నిలువుగా గాటు పెట్టి, కొబ్బరి, పంచదార, ఏలకుల పొడి, జీడిపప్పు, కిస్‌మిస్ కలిపి కూరి, గాటును మైదా ముద్దతో మూసి వేయిస్తారు. గుజరాతీలు అరటిపండులో వేయించిన శనగపిండి, ధనియాల పొడి, కారం, కొత్తిమీర, నిమ్మరసం కలిపి కూరి కూరగా వండుకుంటారు. ఒకరిది తీపి, ఒకరిది తీపీ కారం.

మనకు నేంద్రం ఎప్పుడూ దొరక్కపోవచ్చు. చక్కెరకేళి మరీ మెత్తన, పెనం మీద విరిగిపోతుంది. కర్పూర అరటి, అదీ తొక్క మీద మచ్చలు రాకముందు, పసుపు రంగు తిరిగి బిగువుగా ఉన్నప్పుడు ఈ పనికి సరిపోతుంది. నాలుగు పళ్ళకు అర కప్పు పచ్చికొబ్బరి తురుము, ఒక చెంచా బెల్లం తురుము, నాలుగు జీడిపప్పుల పలుకులు, ఏలకుల పొడి. ఈ కూర్పును పెనం మీద రెండు నిమిషాలు వేడిచేస్తే బెల్లం కరిగి ఉండ కడుతుంది. చల్లారాక పిల్లలు కూరతారు. గాటు పైకి ఉండేలా పట్టుకుని మెల్లగా నొక్కాలి, లేకపోతే పండు రెండు ముక్కలవుతుంది. అలా అయితే ఏం చెయ్యాలో కూడా ముందే చెప్పండి: రెండు ముక్కలను పక్కపక్కన పెట్టి పైన చల్లెయ్యడమే. పెద్దవాళ్ళు పెనం మీద ఒక చెంచా నెయ్యి వేసి, సన్నని సెగ మీద నాలుగువైపులా బంగారు రంగు వచ్చేదాకా తిప్పితే చాలు. నూనెలో ముంచక్కర్లేదు. వేడి తగలగానే అరటి వాసన ఇల్లంతా నిండుతుంది. అయిదు నిమిషాలు ఆగి పెట్టండి, లోపలి బెల్లం నోరు కాలుస్తుంది.

ఆపిల్‌కు ఇడ్లీ పాత్ర ఉంది కదా. ఓవెన్ లేని ఇంట్లో ఇదే ఓవెన్. తొడిమ వైపు నుంచి గింజల గూడు తవ్వేసి, కిస్‌మిస్, దాల్చినచెక్క పొడి, చిటికెడు ఉప్పు, కొంచెం నెయ్యి వేసి పన్నెండు నిమిషాలు ఆవిరి మీద ఉంచండి. నీరసంగా ఉన్న పిల్లలకు, పళ్ళు కదులుతున్న తాతయ్యలకు కూడా నప్పుతుంది.

అనాస దగ్గర ఒక్క జాగ్రత్త. అందులో ప్రోటీన్లను విడగొట్టే బ్రోమెలైన్ అనే ఎంజైమ్ ఉంది. పచ్చి అనాసతో పెరుగు గానీ పనీర్ గానీ కలిపి ఉంచితే కాసేపటికి చేదెక్కి నీళ్ళోడుతుంది. చేసినవాళ్ళు పెరుగు పాడైందేమో అనుకుంటారు. ముక్కలను ముందు పెనం మీద రెండువైపులా బాగా వేడెక్కేదాకా కాల్చితే ఆ ఎంజైమ్ పనిచెయ్యదు. పైగా తీపి చిక్కబడుతుంది. చక్రాల్లా కోసి కాల్చిన అనాస మధ్యలో బొడ్డు తీసిన ఖాళీ ఉంటుంది కదా, అందులో మిరియాల పనీర్ ఒక ఉండ పెట్టి చూడండి. పెద్దల విందులో కూడా ముందు ఖాళీ అయ్యే పళ్ళెం ఇదే.

సీతాఫలంలో మాత్రం ఏమీ కూరవద్దు. అది తనకు తానే నిండిన పండు. పుచ్చకాయ నీళ్ళమయం, కూర్పు నిలవదు. సపోటా రెండుగా కోసి, కొక్కెం ఉన్న ఆ నల్లని గింజలన్నీ లెక్కగా తీసేసి, బాదం పొడి పెడితే బాగుంటుంది, అంతకన్నా దానితో ప్రయోగాలు వద్దు.

మామిడి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పాత ఢిల్లీ గల్లీల్లో మామిడిపండు కుల్ఫీ అని ఒకటి చేస్తారు. పండు పగలకుండా టెంక బయటికి తీసి, ఆ ఖాళీలో చిక్కబెట్టిన పాలు పోసి, మూత పెట్టి గడ్డకట్టిస్తారు. తినేముందు తొక్క చెక్కి చక్రాలుగా కోస్తే చుట్టూ మామిడి, మధ్యలో తెల్లని కుల్ఫీ. మే నెలలో సెలవులకు ఇల్లు నిండినప్పుడు దీన్ని చేసి చూడండి. బంగినపల్లి దీనికి తగినది, కండ ఎక్కువ, పీచు లేదు. రసాలు పనికిరావు, అవి పిండుకుని తినడానికే. అర లీటరు పాలను అడుగంటకుండా కలుపుతూ మూడో వంతు అయ్యేదాకా మరిగించి, రెండు చెంచాల పంచదార, ఏలకులు, పిస్తా పలుకులు వేసి చల్లార్చండి. ఇది రెండు పళ్ళకు వస్తుంది. పండును తొడిమ వైపు ఒక అంగుళం కోసి ఆ మూతను దాచండి. సన్నని చాకును టెంక చుట్టూ దింపి వదులు చేసి, టెంకను పట్టుకుని మెలితిప్పుతూ లాగండి. ఇది పెద్దల పని, ఓపిక కావాలి. తొక్క ఎక్కడా చిల్లు పడకూడదు. గ్లాసులో నిలబెట్టి పాలు పోసి, మూత పెట్టి, రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచండి. పాలు పొయ్యడం పిల్లల వంతు. మర్నాడు కొయ్యగానే వాళ్ళు వేసే కేక కోసమైనా ఒకసారి చెయ్యాలి.

పండ్లు కొనేటప్పుడు ఒక మాట. మామిడి గానీ అరటి గానీ కార్బైడ్‌తో పండించడం చట్టరీత్యా నిషేధం. ఇథిలీన్ వాయువుతో పండించడానికి మాత్రం పరిమితికి లోబడి అనుమతి ఉంది. పైన అంతా ఒకే పసుపు, లోపల కండ గట్టిగా తెల్లగా, వాసన లేకుండా ఉంటే ఆ పండు సహజంగా పండలేదని అనుమానించవచ్చు. పచ్చివి తెచ్చి గడ్డిలోనో, బియ్యం డబ్బాలోనో మాగబెట్టుకోవడం అన్నిటికన్నా నిశ్చింత. పిల్లలకు రోజూ నొక్కి చూసే ఆట కూడా దొరుకుతుంది.

ఇప్పుడు ప్రాణాలకు సంబంధించిన మాట. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. నాలుగేళ్ళ లోపు పిల్లలకు నిండు ద్రాక్షపండు, నిండు పల్లీ, నిండు జీడిపప్పు, గట్టి ఆపిల్ ముక్క ఇవ్వకూడదు. ద్రాక్ష గుండ్రంగా, నున్నగా ఉంటుంది. గొంతులో సరిగ్గా బిరడాలా బిగుసుకుంటుంది. వాళ్ళకు ద్రాక్షను నిలువుగా నాలుగు చీలికలు చేసి ఇవ్వాలి, అడ్డంగా రెండు చేస్తే చాలదు. గింజలూ పప్పులూ పొడి చేసి, లేదా ముద్దగా నూరి, పలుచగా రాసి ఇవ్వాలి. ఖర్జూరం కూడా చిన్నవాళ్ళకు చిన్న ముక్కలే. ఎవరైనా సరే కూర్చుని తినాలి. పరుగెత్తుతూ, పడుకుని, కారులో ఊగుతూ తినకూడదు. పక్కన ఒక పెద్ద మనిషి ఉండాలి, ఆ మనిషి కళ్ళు ఫోను మీద ఉండకూడదు. ఏడాది నిండని పసివాళ్ళకు తేనె నాకించవద్దు, అందులో ఉండగల సూక్ష్మజీవుల వల్ల బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. రెండేళ్ళ లోపు వాళ్ళకు బెల్లం, పంచదార వేసిన కూర్పులు అసలే వద్దు. పల్లీ, జీడిపప్పు, బాదం మొదటిసారి పెడుతుంటే చాలా కొంచెం పెట్టి, దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరి ఇబ్బంది వస్తున్నాయేమో చూడండి. వస్తే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

అమెరికాలో ఉన్న తెలుగు అమ్మానాన్నలు డబ్బాలో ఇవి పెట్టి పంపేముందు బడిని అడగండి. అక్కడ చాలా బడుల్లో పల్లీలు, గింజపప్పులు తేవడం కుదరదు. నువ్వులకు కూడా కొన్నిచోట్ల అభ్యంతరం ఉంటుంది. పొద్దుతిరుగుడు గింజలూ గుమ్మడి గింజలూ వేయించి పొడి కొడితే పల్లీల కమ్మదనం చాలావరకు వస్తుంది. పుట్నాలు కూడా పనికొస్తాయి, కాకపోతే శనగలు పడని పిల్లలు కూడా ఉంటారు కాబట్టి డబ్బాలో ఏముందో చీటీ మీద రాసి పంపడం మేలు.

ఏ వయసుకు ఏ పని అన్నది మీ పిల్లల చేతులు చూస్తే మీకే తెలుస్తుంది. రెండు మూడేళ్ళ వాళ్ళు పండు కడుగుతారు, కొత్తిమీర తుంచుతారు. నాలుగు దాటితే చెంచాతో కూరతారు. ఏడెనిమిదేళ్ళకు అరటిపండును మొద్దు చాకుతో కోయగలరు. పదేళ్ళ తర్వాత, మీరు పక్కన నిలబడితే పెనం దగ్గరికి రావచ్చు. అబ్బాయిలకు ఒక పని, అమ్మాయిలకు ఒక పని అని విడదీయకండి. నాన్న ఖర్జూరం గింజలు తీస్తుంటే చూసిన కొడుకు రేపు అడక్కుండానే వచ్చి కూర్చుంటాడు. పచ్చిమిర్చి, కారప్పొడి మాత్రం మీరే కలపండి. కారం చేత్తో కళ్ళు నులుముకున్న పిల్ల మళ్ళీ ఆరు నెలలు వంటింటి వైపు రాదు. పని మొదలుపెట్టేముందు అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పండును కోసేముందే కడగాలి, కోశాక కాదు. తొక్క మీది మురికి చాకు వెంట లోపలికి పోతుంది.

ఆపిల్, జామ, అరటి కోశాక నల్లబడతాయని కొందరు వాడుక మానేస్తారు. గాలి తగిలితే పండులోని ఎంజైమ్ వల్ల వచ్చే రంగు అది, చెడిపోయినట్టు కాదు. కోసిన మొహానికి నిమ్మచెక్క రుద్దితే లేదా రెండు నిమిషాలు పలుచని ఉప్పునీళ్ళలో వేస్తే చాలాసేపు తెల్లగా నిలుస్తుంది.

పెరుగు, పనీర్ కూరినవి బయట రెండు గంటలకు మించి ఉంచకండి. మన ఏప్రిల్, మే ఎండల్లో గంట చాలు. ఉల్లిపాయ వేసినవి చేసిన పూటే తినెయ్యాలి. ఖర్జూరాల్లో పచ్చికొబ్బరి ఉన్నవి మర్నాటికల్లా అయిపోవాలి. పుట్నాల పొడి కూరినవి మూత ఉన్న డబ్బాలో, ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు బాగుంటాయి. ఆదివారం కూర్చుని ఒక డబ్బా చేసి పెట్టుకుంటే వారంలో రెండు మూడు సాయంత్రాలు గడుస్తాయి.

ఇంకొకటి. నాలుగైదుసార్లు చేశాక పిల్లలు సొంత కూర్పులు కనిపెడతారు. ఖర్జూరంలో ఆవకాయ పిండి, అరటిపండులో మురుకుల పొడి, జామలో చాక్లెట్. వద్దు అనకండి. కొంచెం మాత్రమే చేసి చూద్దామనండి. మీరూ ఒకటి నోట్లో వేసుకుని, నిజంగా ఎలా ఉందో అదే చెప్పండి. బాగా లేకపోతే బాగా లేదనే చెప్పి, ఏది తగ్గిస్తే కుదురుతుందో వాళ్ళనే అడగండి. ఖర్జూరంలో ఆవకాయ పిండి బాగానే ఉంటుంది, ఉప్పు ఎక్కువ కాబట్టి పావు చెంచాకు మించకుండా చూడండి. చాక్లెట్, జున్ను పూతలు, తీపి పాకాలు పండుకంటే ఎక్కువైపోతే మాత్రం నెమ్మదిగా చెప్పాలి. మూడు వంతులు పండు, ఒక వంతు కూర్పు అన్న కొలత ముందే ఒప్పుకుని మొదలుపెడితే తర్వాత వాదన ఉండదు. ఆ ఒక్క కొలత తప్ప మిగతా అంతా వాళ్ళ ఇష్టానికే వదలండి.

పుట్నాల పొడి ఎప్పుడూ కాస్త ఎక్కువే కొట్టుకోండి. నెయ్యితో తడపకముందే సగం పక్కకు తీసి పెడితే మర్నాడు పొద్దున ఇడ్లీలోకి వస్తుంది.